అవ్వకు గడి లేని దరఖాస్తు

గత జూన్ నెలలో మా మేనత్త మనవరాలికి గిరిజన గురుకుల పాఠశాలలో ప్రవేశం కోసం కుల ధ్రువీకరణ పత్రం అవసరమైంది. ఆ ఇంట్లో ఏ తరంలోనూ ఎవరికీ అటువంటి పత్రం లేదు. కండలేరు ఉప్పుటేరు ఒడ్డున, రొయ్యల గుంటల గట్టు మీది కాపలా గుడిసెలో బతుకుతున్న కుటుంబం అది. దగ్గరి రక్తసంబంధీకుల పత్రం ఏదైనా ఉంటే జత చేయమని కార్యాలయంలో సలహా ఇచ్చారు. మా నాయన ప్రభుత్వోద్యోగి. ఆయనకూ నాకూ పత్రాలున్నాయి. నా పత్రం నకలు పట్టుకొని నేనే వెళ్లాను. గుమాస్తా రెండు కాగితాలనూ పక్కపక్కన పరచి చూసి, "మీ ఇంటిపేరు వేరు, వాళ్ల ఇంటిపేరు వేరు. సంబంధం ఎట్లా?" అని అడిగాడు. మా నాయనా, ఈ పిల్ల అవ్వా ఒకే తల్లి బిడ్డలని చెప్పాను. "తండ్రి?" "తండ్రులు వేరు." ఆయన మర్యాదగానే బదులిచ్చాడు: "తల్లి వైపు సంబంధం రాయడానికి ఇందులో గడి లేదమ్మా."

ఆ గడిలో పట్టని మనిషి మా అవ్వ. 2021లో పోయింది. ఆమె పేరు ఇక్కడ రాయడం లేదు. రేషన్ కార్డులో ఒక పేరు, ఆధార్‌లో ఒక పేరు, ఓటర్ల జాబితాలో మరొక పేరు ఉన్నాయి. ఆమె తల్లి ఆమెను పిలిచిన పేరు వీటిలో ఏదీ కాదు. ఆ పిలుపును పత్రికకెక్కించే హక్కు నాకు ఉన్నదనుకోను.

మా ఇంట్లో పెళ్లిళ్లకూ పేరంటాలకూ చెప్పుకొనే కుటుంబ చరిత్ర ఒకటి ఉన్నది. ముత్తుకూరు వైపు ఒక పెద్ద రైతు పొలాలకు మా తాత నమ్మకమైన కావలివాడనీ, ఎవరి సొమ్మూ ముట్టని రెడ్డి యానాది అనీ, కడుపు మాడ్చుకొని కొడుకును హాస్టల్లో ఉంచి చదివించాడనీ, ఆ కొడుకు కొలువు సంపాదించాడనీ, కొడుకు కూతురినైన నేను ఇప్పుడు పాఠాలు చెబుతున్నాననీ ఆ కథ సాగుతుంది. అందులో అబద్ధమేమీ లేదు. కాని అవ్వ అందులో పొయ్యి దగ్గర తప్ప మరెక్కడా కనిపించదు. మేనత్త అసలే కనిపించదు. చిన్నప్పుడు ఆమె మా ఇంటికి ఎండు చేపలు తెచ్చినప్పుడు, వచ్చిన వారికి మా అమ్మ ఆమెను "దూరపు చుట్టం" అని పరిచయం చేసేది.

మమ్మల్ని గురించి రాతలు లేక కాదు. 1909లో ఎడ్గార్ థర్‌స్టన్ ప్రచురించిన దక్షిణ భారత కులాలు, తెగల గ్రంథం ఏడవ సంపుటంలో యానాదుల మీద దీర్ఘమైన అధ్యాయమే ఉన్నది. ఆ మహాశయుడు మనుషుల తలలనూ ముక్కులనూ కొలిచినవాడు. పోలీసుల రికార్డుల్లోనూ ఉన్నాం. నేరస్థ తెగల చట్టం కింద నమోదైన జాతుల్లో యానాదులూ ఉన్నారు. ఆ చట్టం మద్రాసు రాష్ట్రంలో 1947లోనూ, దేశమంతటా 1952లోనూ రద్దయింది. మా మేలు కోరి రాసినవారూ లేకపోలేదు. స్వాతంత్ర్య సమరయోధుడు, నెల్లూరు వెన్నెలకంటి రాఘవయ్య జీవితమంతా మా జాతి కోసం పనిచేశారు. ఆయన యానాదుల మీద 1962లో పుస్తకం వెలువరించారు. 1973లో ఆయనకు పద్మభూషణ్ వచ్చింది. ఇవన్నీ కాక రైతుల పద్దు పుస్తకాలున్నాయి. మా తాత సంతకం అనదగినది ఏదైనా మిగిలి ఉంటే అలాంటి ఒక పుస్తకంలో, అప్పు పక్కన వేసిన వేలిముద్రగా మిగిలి ఉండాలి. 2011 జనగణన ప్రకారం ఉమ్మడి రాష్ట్రంలో 5 లక్షల 30 వేలకు పైగా ఉన్న ఒక జాతి గురించి కొలిచినవారూ, కాపలా కాసినవారూ, జాలిపడినవారూ, అప్పిచ్చినవారూ రాశారు. లోపలి నుంచి వచ్చిన సాక్ష్యం అవ్వల నోటనే ఉండిపోయింది. ఆ నోటిని మా ఇంట్లోనే మూయించాం. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

అవ్వ పుట్టింది శ్రీహరికోటలో. పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ నడుమ ఉన్న ఆ ద్వీపాన్ని 1835లోనే మద్రాసు ప్రభుత్వం తన అజమాయిషీలోకి తెచ్చుకొన్నది. తేనె, మైనం, మందు మూలికలు, బట్టలకు ఎర్రరంగునిచ్చే చిరివేరు వంటివి ఆ అడవిలో దొరికేవి. వాటిని తవ్వి, ఏరి తెచ్చేది యానాదులు. ప్రతిఫలంగా వారికి దక్కింది గింజలూ గుడ్డలూ. అడవి కట్టెలు పడవల్లో బకింగ్‌హాం కాలువ మీదుగా మద్రాసు పొయ్యిలకు చేరేవి. అవ్వకు తెలిసిన కాలానికి చిరివేరుకు గిరాకీ పోయింది, కట్టెలకు ఉన్నది. ఏ గడ్డ ఏ నెలలో తీపెక్కుతుందో, ఆటుపోట్లకు ఏ బురదలో పీతలు పైకొస్తాయో, ఏ పాము కాటుకు ఏ ఆకు నూరాలో ఆమెకు చివరి దాకా గుర్తున్నది. ద్వీపాన్ని స్వర్గంగా వర్ణించే వారంటే ఆమెకు గిట్టేది కాదు. "వానాకాలం దోమలకు నిద్రుండదు. గడ్డలు లేనినాడు కడుపుకేముండదు. స్వర్గమంట!" అనేది.

1969 ప్రాంతంలో రాకెట్ కేంద్రం కోసం ఆ ద్వీపాన్ని ఎంపిక చేశారు. 1971 అక్టోబరు 9న మొదటి రోహిణి రాకెట్ అక్కడి నుంచి లేచింది. కొన్ని యానాది కుటుంబాలు లోపలే ఉండిపోయాయి. మిగిలినవారు సరస్సు దాటారు. మొదటి మొగుడితో, చంకలో మూడునాలుగేళ్ల మా మేనత్తతో అవ్వ పడవెక్కింది. ఎవరూ తమను కొట్టలేదని ఆమె ప్రత్యేకంగా చెప్పేది. అంతరిక్ష కేంద్రాలకు సముద్రపు ఒడ్డూ నిర్జన ప్రదేశమూ కావాలి. నిర్జనమని పటం మీద తేలే చోట్ల ఉండేది సాధారణంగా పట్టాలు లేని మనుషులే. బ్రెజిల్‌లోని అల్కాంతర రాకెట్ కేంద్రం కోసం 1980ల్లో కదిలించిన నల్లజాతి క్విలోంబోలా గ్రామాల వారు దశాబ్దాల పాటు పోరాడారు. 2025 మార్చిలో అమెరికా ఖండాల మానవ హక్కుల న్యాయస్థానం వారి పక్షాన తీర్పు ప్రకటించింది. వారు నిలబడగలగడానికి ఒక కారణం, తమ అవ్వలు తాతలు ఎక్కడి నుంచి వచ్చారో చెప్పుకోవడానికి వారు సిగ్గుపడకపోవడం.

మేము సిగ్గుపడ్డాం. దేనికి సిగ్గుపడ్డామో చెప్పాలంటే యానాదుల లోపలి అంతస్తుల సంగతి చెప్పాలి. రెడ్ల ఇళ్లల్లో, పొలాల్లో పనిచేసిన వారు రెడ్డి యానాదులు లేదా మంచి యానాదులు. ఊళ్లలో పాకీ పని చేస్తారనీ, ఎంగిలి అన్నం తింటారనీ ముద్రపడినవారు చల్లా యానాదులు. కప్పలు తింటారని కొందరు కప్పల యానాదులు. మొదటివారు తక్కినవారితో కంచం పొత్తూ మంచం పొత్తూ పెట్టుకోరు. ఈ విభజన ఎవరో పాత దొర రాసుకొన్నదని తోసిపుచ్చడానికి వీల్లేదు. ఆంధ్రప్రదేశ్ షెడ్యూల్డ్ తెగల జాబితాలో ఈనాటికీ యానాది అన్న మాట వెంట చల్లా, కప్పల, మంచి, రెడ్డి అన్న నాలుగు విశేషణాలూ అచ్చయి ఉన్నాయి. ఒక తెగలో కొందరిని సర్కారు కాగితమే "మంచి" అని రాస్తే మిగిలినవారు ఏమవుతారో ఎవరూ అడగలేదు. ఎవరి కింద పనిచేస్తే వారి కులం పేరు తగిలించుకొని, అదే గౌరవమనుకొన్న మావాళ్లను తలచుకొంటే నాకు కోపమూ జాలీ కలిసి వస్తాయి. ప్రతి కులమూ తనకన్నా కింద మరొకటి ఉన్నదన్న ఊరటతో బతుకుతుందని 1936లోనే అంబేడ్కర్ రాశారు. నిచ్చెనమెట్ల అసమానత గురించి తరగతిలో పాఠం చెప్పిన నాకు, మా ఇంట్లో నిచ్చెన ఎక్కడ దాచి ఉన్నదో ఇరవై మూడేళ్లు వచ్చేదాకా తెలియదు.

అది తెలిసిన రోజు 2019 జూలై 22. ఆ సంవత్సరమే శ్రీహరికోటలో రాకెట్ ప్రయోగాలను ప్రజలు చూడటానికి గ్యాలరీ తెరిచారు. 15వ తేదీన ఆగిపోయిన చంద్రయాన్-2 ఆ రోజు మధ్యాహ్నం బయలుదేరుతుంది. పేర్లు నమోదు చేయించి అవ్వను తీసుకొని వెళ్లాను. ఆమె ఆధార్‌లో పుట్టిన తేదీ జనవరి 1. (మన రాష్ట్రంలో అవ్వలందరూ జనవరి 1నే పుట్టినట్టున్నారు.) సూళ్లూరుపేట నుంచి పులికాట్‌ను చీల్చుకొంటూ పోయే రోడ్డు మీద ఆమె కిటికీకి ముఖం ఆనించి కూర్చున్నది. పడవలో వచ్చిన నీళ్ల మీదుగా బస్సులో వెళ్లడం వింతగా ఉన్నదేమో, ఒక్క మాటా మాట్లాడలేదు.

గ్యాలరీ మెట్ల మీద వేలమంది జెండాలు ఊపుతున్నారు. 2 గంటల 43 నిమిషాలకు రాకెట్ లేచినప్పుడు అందరూ లేచి నిలబడ్డారు. అవ్వ లేవలేదు. ఆమె ఎదురుగా ఉన్న పొదల వైపు చూస్తున్నది. ఉరుము లాంటి చప్పుడు మా మీదుగా దాటిపోయిన తర్వాత, "నేను పుట్టింది ఈడనే అమ్మణ్ణీ. మా యమ్మను పూడ్చింది గూడా ఈడనే యాడనో," అన్నది. కాసేపాగి, "మా యమ్మ చల్లామె. మీ నాయనకు చెప్పబాకు," అన్నది.

తిరుగు ప్రయాణంలో మిగిలినది చెప్పింది. ఆమె తల్లి సూళ్లూరుపేట వైపు చల్లా యానాది. పండుగ మరునాడు ఇళ్ల వెనక వాకిళ్లలో గిన్నె పట్టుకొని నిలబడిన తల్లి వెనక తాను కూడా నిలబడటం అవ్వకు గుర్తున్నది. తర్వాత తల్లి ద్వీపంలోని ఒకతన్ని చేసుకొని అక్కడికి చేరింది. ఒడ్డుకొచ్చాక అవ్వ మొదటి మొగుడు తాగి కొడుతుంటే, పెద్దల ముందు చెప్పి, బిడ్డను తీసుకొని వచ్చేసింది. ముత్తుకూరు దగ్గర వరి కోతల్లో మా తాత పరిచయమయ్యాడు. తాతకు సంగతంతా తెలుసు. ఆయన తల్లికి కూడా చెప్పారు. ఆ ముసలామె ఒక షరతు మీద కోడలిని ఇంట్లోకి రానిచ్చింది. పుట్టింటి మాట ఎత్తకూడదు, ఎవరడిగినా ద్వీపం మంచి యానాదినని చెప్పాలి. అవ్వ ఆ షరతును దాదాపు యాభై ఏళ్లు పాటించింది.

నాకు ఎనిమిదేళ్లప్పటి ఒక దృశ్యం ఆ బస్సులో గుర్తుకొచ్చింది. పాత చీర కోసం ఒక ముసలామె మా వాకిట్లోకి వచ్చింది. అవ్వ ఆమెను అరుగు ఎక్కనివ్వలేదు. దోసిట్లోకి గంజి ఎత్తు నుంచి పోసింది. చల్లావాళ్లను ఇంట్లోకి రానివ్వకూడదని నాకు చెప్పింది కూడా. ఆమె ఎవరని బస్సులో అడిగాను. "మా చిన్నమ్మ కూతురు," అన్నది అవ్వ. ఇంకేమీ అడగలేకపోయాను. కులం పైనుంచి కిందికి దిగివచ్చే దెబ్బ అని మాత్రమే మనం రాస్తుంటాం. దెబ్బ తిన్న చేతితోనే అది తన రక్తం మీద ఎట్లా పడుతుందో నేను చూశాను. అవ్వను నిందించడానికి ఇది చెప్పడం లేదు. ఆ గంజి గంటె పక్కకు తప్పితే ఆమె సంసారమే కూలిపోయి ఉండేది.

మొదటి మొగుణ్ణి వదిలి రావడం మా ఇంట్లో దాచిన రెండో విషయం. నిజానికి యానాది ఆడవాళ్లకు ఇది పాత హక్కు. పొసగని కాపురం నుంచి బయటికొచ్చి మళ్లీ పెళ్లి చేసుకోవడం మాలో తప్పు కాదు. వలస పాలనాకాలపు రచయితలు దీన్ని నీతిలేనితనంగా చూశారు. పైకులాల ఇళ్ల నీడలో పెరిగిన మా నాయన తరం కూడా అదే కళ్లద్దాలు పెట్టుకొన్నది. కింది కులాలు పైవారి ఆచారాలను అనుకరించడాన్ని ఎం.ఎన్. శ్రీనివాస్ సంస్కృతీకరణ అన్నారు. ఆ సిద్ధాంతాన్ని పరీక్షల్లో పది మార్కుల ప్రశ్నగా రాసే విద్యార్థులు, ఈ అనుకరణలో ముందుగా నష్టపోయేది ఇంట్లోని ఏ మనిషో కూడా కనుక్కోవాలి. మా ఇంట్లో అది మేనత్త. ఆమెను అక్క అని ఒప్పుకొంటే తల్లి మొదటి పెళ్లిని ఒప్పుకోవాలి. అక్కడి నుంచి అడిగేవాళ్లు ద్వీపం దాకా, చల్లా గిన్నె దాకా వెళ్తారు. అందుకని ఆమె దూరపు చుట్టం అయింది.

ఆ దూరపు చుట్టం చేసిన పని ఇది. తాతకు రైతు దగ్గర అప్పున్నది. 1979లో మా నాయనకు ఆరేళ్లు నిండగానే, గేదెలు కాయడానికి పిల్లవాణ్ణి పంపమని రైతు కబురు చేశాడు. వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం వచ్చి అప్పటికి మూడేళ్లు. అయితే ఆ చట్టం ఆ పొలాల దాకా నడిచి రాలేదు. అవ్వ పిల్లవాణ్ణి బడికి పంపి, పదమూడేళ్ల కూతురిని రైతు ఇంటికి పంపింది. మా తాత కడుపు మాడ్చుకొని కొడుకును చదివించాడన్న కథలో లేని భాగం అదే. మేనత్త ఆ ఇంట్లో ఎనిమిదేళ్లు పనిచేసింది. 1984 నవంబరు తుఫానుకు మా గుడిసె కొట్టుకుపోయి అప్పు మళ్లీ పెరగడంతో అన్నేళ్లు పట్టింది. తర్వాత పెళ్లయింది. 1990ల్లో ఈ తీరమంతా వరి పొలాలూ ఉప్పు నేలలూ రొయ్యల గుంటలైనప్పుడు, మొగుడితో పాటు ఆమె కూడా గుంట యజమాని దగ్గర అడ్వాన్సు తీసుకొని కాపలాకు చేరింది. తీరానికి 500 మీటర్ల లోపు రొయ్యల చెరువులను తొలగించాలని 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ వార్త చదివిన రోజుల్లో మా నాయన కొత్తగా కొలువులో ఉన్నాడు. అక్క గుంట గట్టు మీదే ఉన్నది, ఇప్పటికీ ఉన్నది. అడ్వాన్సు తీరదు. తీరకుండా ఉండటానికే అది ఇస్తారు.

కాబట్టి గుమాస్తా అడిగిన ప్రశ్న చిన్నది కాదు. 1993 నాటి కుల ధ్రువీకరణ చట్టం ప్రకారం తాను ఫలానా అని రుజువు చేసుకోవలసిన బరువు అడిగేవారి మీదే ఉన్నది. దొంగ పత్రాలతో నిజమైన గిరిజనుల సీట్లు కొల్లగొట్టేవారున్నప్పుడు ఆ జాగ్రత్త అవసరమే, నేను కాదనను. అయితే ఆ రుజువు తండ్రి ఇంటిపేరు వెంటనే నడవాలన్నది అలవాటు. తండ్రి తెగే బిడ్డకు వస్తుందన్న భావన తిరుగులేనిది కాదనీ, గిరిజన తల్లి పెంచిన బిడ్డ ఆ జీవితాన్నే సాక్ష్యంగా చూపవచ్చనీ 2012లో గుజరాత్ నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అది వేరు సందర్భం. మా మేనత్త మనవరాలు తల్లి వైపూ తండ్రి వైపూ యానాదే. కాని తల్లి వైపు నుంచి వచ్చే సాక్ష్యాన్ని సాక్ష్యంగా స్వీకరించవచ్చన్న వివేకం ఆ తీర్పులో ఉన్నది. భూమి లేని, ఇంటిపేరు కూడా ఈ మధ్యనే అతికించుకొన్న, మొగుళ్లు మారినా బిడ్డలను తల్లే మోసుకొచ్చిన సమాజాల్లో వంశం నడిచింది ఆడవాళ్ల గుండానే. అధికారులు గుంట గట్టు దాకా వచ్చి నలుగురిని అడిగితే పది నిమిషాల్లో తేలే విషయం, కాగితం మీద మూడు తరాలైనా తేలదు.

అయితే ముందుగా మా ఇంట్లో తేలాలి. కార్యాలయం నుంచి వచ్చిన రోజు రాత్రి మా నాయనకు అంతా చెప్పాను, బస్సులో విన్నదానితో సహా. చెప్పవద్దన్న అవ్వ మాటను నేను తప్పాను. ఆ తప్పు నాదే. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నీకు ఇప్పుడు తెలిసింది. నాకు పదేళ్లప్పుడే తెలుసు," అన్నాడు. హాస్టల్ నుంచి సెలవులకు వచ్చినప్పుడు రైతు ఇంటి వెనక అక్క అంట్లు తోముతుంటే చూసి, తోటి పిల్లలు "ఆమె ఎవర్రా?" అంటే తెలియదని చెప్పాడట. ఈ మాట చెబుతున్నప్పుడు ఆయన గోడ వైపు తిరిగి ఉన్నాడు. చెల్లెలి పెళ్లి కుదరాలి గదా అని మా అమ్మ వంటింట్లోంచి అన్నది. నా చెల్లెలికి సంబంధాలు చూస్తున్నారు, రెడ్డి యానాదుల్లోనే. ఆ భయం వట్టిది కాదు. ఈ వ్యాసం అచ్చయితే ఆ సంబంధం తప్పిపోవచ్చు. చెల్లెలిని అడిగే రాస్తున్నాను.

రెండు రోజుల తర్వాత మా నాయన తెల్లకాగితం అడిగాడు. కార్యాలయాల్లో పాతికేళ్లుగా ఇతరుల అర్జీలు చూసిన మనిషి, తన అర్జీ రాయడానికి మధ్యాహ్నమంతా తీసుకొన్నాడు. "ఈ క్రింద పేర్కొన్న ఆమె నా సొంత అక్క" అని మొదలుపెట్టి, "సొంత" కొట్టివేసి, మళ్లీ పైన రాశాడు. తల్లి పేరు రాయవలసిన చోట మూడు కార్డుల్లోని మూడు పేర్లూ రాసి, కింద నాలుగో పేరు కూడా రాశాడు. ఆ పిలుపు ఆయనకు తెలుసునని నాకు తెలియదు. మరునాడు ఉదయం ఆ కాగితం తీసుకొని, మేనత్త వేలిముద్ర కోసం మేమిద్దరం బండి మీద గుంటల దగ్గరికి వెళ్లాం. ఆమె గట్టు మీద మేత బస్తాలు దింపుతున్నది. నాయనను చూసి చేతులు కడుక్కొని వచ్చి, "ఏమబ్బయా, పొద్దున్నే వచ్చినావు? అన్నం తిన్నావా?" అన్నది.

దరఖాస్తు ప్రస్తుతం కార్యాలయంలో ఉన్నది.